తలుపు సందులో దారం

జనాన్ని భయపెట్టి ముప్పై ఏళ్లు బతికాను. తొమ్మిది సస్పెన్స్ సినిమాలు తీశాను. ఒకటి బాగా ఆడింది, మూడు పర్వాలేదనిపించాయి, మిగతావి ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో మా ఇంట్లోవాళ్లకే గుర్తులేదు. ఇప్పుడు నిజామాబాద్‌లో ఇంటిపట్టున ఉంటున్నాను. ఫోన్లతోనే సినిమాలు తీసేస్తున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ అప్పుడప్పుడు వెతుక్కుంటూ వస్తారు. ప్రేక్షకుణ్ణి సీట్లోంచి కదలకుండా చేయడం ఎట్లా అని అడుగుతారు. కెమెరా ఎక్కడ పెట్టాలి, సంగీతం ఎక్కడ ఆపాలి అన్నవి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. చెప్పడానికి నా దగ్గర వేరే సంగతి ఉంది.

బోధన్‌లో గంగామణి అని బీడీలు చుట్టే ఆవిడ ఉంది. మంచి సీను దొరికిందన్న ఆత్రంలో ఆమె దాచుకున్న ఒకే ఒక్క రహస్యాన్ని ఊరందరి ముందు తెర మీద వేయబోయాను. వేసి ఉంటే ఆమెకు ఇంట్లో తన్నులు తప్పేవి కావు, అంతకంటే ఎక్కువే జరిగేదేమో. తెలియక చేశానని చెప్పి తప్పుకోలేను. మనుషుల సంగతి తెలుసుకోవడమే నా వృత్తి. అయితే ఆ తప్పు అర్థం కావాలంటే నాకు ఈ పని ఎవరు నేర్పారో ముందు చెప్పాలి.

వేళ తప్పిన సైరన్

మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. మేం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ మోగేది. దాన్ని బట్టే మా అవ్వ పొయ్యి వెలిగించేది, దాన్ని బట్టే నేను బడికి పరిగెత్తేవాణ్ణి. అవ్వ అంటే మా అమ్మ, బాపు అంటే నాన్న, మేం అట్లాగే పిలిచేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు మధ్యాహ్నం ఆ సైరన్ వేళగాని వేళ మోగింది. అట్లా మోగిందంటే లోపల ఎవరికో ప్రమాదం జరిగినట్టే.

వరసలో ఉన్న ఇళ్లన్నిటి తలుపులూ తెరుచుకున్నాయి. ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. గేటు వైపు నుంచి ఒక మనిషి సైకిల్ మీద వస్తున్నాడు. అతను ఎవరింటి ముందు దిగుతాడా అని అందరి కళ్లూ అతని మీదే. అతను ఎవరింటి ముందూ దిగలేదు, తిన్నగా బజారుకు పోయాడు. సైరన్‌ను బాగుచేసి ఒకసారి మోగించి చూశారట, అంతే.

అందరూ నవ్వుకుంటూ లోపలికి వెళ్లారు. మా అవ్వ మాత్రం వచ్చీ రాగానే నా వీపు మీద ఒక్కటి చరిచింది. "చెప్పులేడ వడేసినవ్‌రా?" అన్నది. చెప్పులు నా కాళ్లకే ఉన్నాయి. సాయంత్రం బాపు క్షేమంగా ఇంటికొస్తే ఆయన్నీ వదల్లేదు, టిఫిన్ డబ్బా కడుక్కురాలేదని గంటసేపు సాధించింది. బాపు నా వైపు చూసి ఏమైందన్నట్టు కనుబొమలెగరేశాడు.

భయం ఎప్పుడూ భయంలా బయటికి రాదని ఆ రోజే నాకు తెలిసి ఉండాలి. కోపంగా వస్తుంది, నవ్వుగా వస్తుంది, ఒక్కోసారి పనిగా వస్తుంది. వీపు మీద దెబ్బ పడి మరీ నేర్చుకున్న పాఠాన్ని సమయానికి మరిచిపోయాను.

జనం మొహాలు

హైదరాబాద్‌లో ఒక దర్శకుడి దగ్గర ఆరేళ్లు అసిస్టెంటుగా పనిచేశాను. ఆయన మంచి మనిషి కాదు. జీతం అడిగినవాణ్ణి అందరి ముందూ వెటకారం చేసేవాడు, ఒకసారి నా మొహాన స్క్రిప్టు ఫైలు విసిరికొట్టాడు. కానీ పని తెలిసినవాడు. ఆయన సినిమా మొదటి ఆటలో నేను నోరు తెరుచుకుని తెర వైపు చూస్తుంటే మెడ పట్టుకుని వెనక్కి తిప్పాడు. "తీసిందాన్ని మళ్లీ ఏం చూస్తావు? అటు చూడు, జనాన్ని చూడు" అన్నాడు. ఆ రోజు నుంచి నా సినిమాలు నేను తెర మీద చూసుకోలేదు. తెరకు వీపు పెట్టి, మెట్టు మీద కూర్చుని, మొహాలు చూడటమే అలవాటైంది.

నా మొదటి సినిమా బోధన్‌లో విడుదలైంది. మ్యాట్నీకి పోయి అట్లాగే కూర్చున్నాను. గుండె ఆగిపోతుందని నేననుకున్న సీనులో కింది తరగతి మొత్తం గొల్లుమని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మొహం దాచుకోవడానికి ప్రొజెక్టర్ గదిలోకి పోయాను. అక్కడి ఆపరేటర్ ఖదీర్ భాయ్, ఊళ్లో పాతకాలపు కుటుంబం వాళ్లది. నన్ను చూసి తన స్టూలు నాకిచ్చాడు.

"ఫికర్ జెయ్యకు సార్. నవ్విండ్రంటె డర్ అయినట్టె."

"మజాక్ చేస్తున్నావా భాయ్?"

"మజాక్ ఎందుకు? ఇరవై ఏండ్లసంది గీ కిటికీలకెల్లి సూస్తున్న. దోస్తులతోని వచ్చినోడు నవ్వుతడు. గదే మనిషి మల్లొకనాడు ఒక్కడే వస్తడు. గప్పుడు సూడు, కుర్సీ ఇడువడు."

నన్ను ఓదార్చడానికి అన్నాడనుకున్నాను. అయినా మూడు రోజులు వరసగా పోయి కూర్చున్నాను. మూడో రోజు, మొదటి రోజు అందరికంటే గట్టిగా నవ్విన మీసాలాయన ఒంటరిగా వచ్చాడు. అదే సీను వచ్చేసరికి రెండు చేతులతో ముందు కుర్చీ పట్టుకున్నాడు. ఖదీర్ భాయ్ కిటికీలోంచి నాకు సైగ చేసి చూపించాడు.

సుబ్బారావు గారి దయ్యం

నా చివరి రెండు సినిమాలకు నిర్మాత వర్నిలో రైస్‌మిల్లు ఉన్న సుబ్బారావు గారు. వాళ్ల తాతల కాలంలోనే కాల్వ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మిల్లు ముందు కుర్చీలు వేసుకుని కథ చెబుతుంటే ఆయన మధ్యలో ఆపారు.

"దయ్యం లేకుండా భయమేంటండీ? జనం ఎందుకొస్తారు?"

నేను జవాబు చెప్పబోతుండగా పడమటి వైపు మబ్బు కమ్మింది. ఎదురుగా కళ్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. సుబ్బారావు గారి మొహం పాలిపోయింది. మాట మధ్యలోనే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి, కూలీలతో పాటు తానూ టార్పాలిన్లు లాగారు. నాలుగు చినుకులు పడి మబ్బు పోయింది. ఆయన తడిసిన చొక్కాతో వచ్చి మళ్లీ కూర్చున్నారు.

"చెప్పండి, దయ్యం ఎక్కడొస్తుందన్నారు?"

"ఇప్పుడే వచ్చి పోయిందండీ."

కాసేపు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కడుపు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత దయ్యం మాట ఎత్తలేదు. నిర్మాతలను వెక్కిరించడం మన వాళ్లకు అలవాటు. కానీ మీ కథకు ఎదురు ప్రశ్న వేసే మొదటి ప్రేక్షకుడు ఆయనే, కాస్త ఓపికగా వినండి.

అక్క వాకిలి

మా అక్క శకుంతల బోధన్‌లో ఉంటుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె వాకిట్లో పది పన్నెండు మంది ఆడవాళ్లు చేరేవాళ్లు. ఒళ్లో చాటలు, చాటల్లో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండలు. కబుర్లు చెప్పుకుంటూ బీడీలు చుట్టేవాళ్లు. ఒంటరిగా చుడితే నడుం నొప్పి తెలుస్తుంది, నలుగురిలో చుడితే తెలియదు. ఎదురుగా స్టూలు మీద టీవీ ఉండేది.

ఎడిటింగ్ సగం అయిన సినిమాను, సంగీతం కలపకముందే, ఆ టీవీలో వాళ్లకు వేసి చూపించడం నా అలవాటు. టీవీ పక్కన నోటుబుక్కు పట్టుకుని వాళ్ల వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. మొహాలు కాదు, చేతులు చూసేవాణ్ణి. బీడీ చుట్టే చెయ్యి కళ్లతో పని లేకుండా తిరుగుతూనే ఉంటుంది. నవ్వొచ్చినా ఆగదు, ఏడుపొచ్చినా ఆగదు. సీను నిజంగా పట్టుకుంటేనే ఆగుతుంది. చేతులు ఆగిన చోట టిక్కు పెట్టుకునేవాణ్ణి, ఆగని చోట కత్తెర వేసేవాణ్ణి. ఏ సినిమా బడిలోనూ ఇట్లాంటి కొలత చెప్పరని గర్వపడేవాణ్ణి కూడా.

"మీ తమ్ముడు సిన్మ సూడడు, మన చేతులు సూస్తడేందక్కా? ఉంగురాలు గిట్ల జేపిస్తడా?" అని నర్సుబాయి ఏడిపించేది. నర్సుబాయి ఉన్నచోట ఎవరూ గట్టిగా ఊపిరి కూడా పీల్చుకోలేరు, మధ్యలో నవ్వించేస్తుంది.

గంగామణి ఎప్పుడూ ఆ చివర, గేటుకు దగ్గరగా కూర్చునేది. ముప్పై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ. వీధిలో ఆటో చప్పుడైతే తలెత్తేది, వినేది, మళ్లీ తల దించుకునేది. వచ్చి రెండు గంటలు గడవగానే చాట ఎత్తుకుని వెళ్లిపోయేది. ఇవన్నీ నేను చూశాను. చూసి ఏమీ అనుకోలేదు.

ఒకరోజు మొగుళ్ల మాటలు వచ్చినప్పుడు ఆమె తనంతట తానే ఒక సంగతి చెప్పింది.

"మా సుట్టపామె ఒకామె ఉన్నది, మోర్తాడ్ ఊర్ల. గామె మొగడు బయటికి పోతె తలుపు రెక్కల సందుల చిన్న దారం ముక్క వెట్టి పోతడు. గామె తలుపు తీసి బయటికెల్తె దారం కిందవడ్తది గద, వచ్చి సూస్కుంటడు."

"మరి గామె ఇంట్లనే ఉంటదా?" అని నర్సుబాయి అడిగింది.

"ఎందుకుంటది? బయటికి పోతది, పని జేస్కుంటది, మల్ల ఇంట్లకొచ్చి దారం ఏడుండెనో గాడనే, ఎంత ఏలాడెనో గంతనే వెట్టి తలుపేస్కుంటది. ఒకనాడు తెల్లది వెడ్తడు, ఒకనాడు ఎర్రది వెడ్తడు. గామె రెండు రంగులు దగ్గరుంచుకుంటది."

అందరూ పడీపడీ నవ్వారు. మొగుడికి మంచి టోపీ పెట్టిందని మెచ్చుకున్నారు. నా చేతిలో నోటుబుక్కు ఉంది. వినగానే ఇది నా సీనే అనిపించింది, ఎప్పటి నుంచో నా బుర్రలో ఉన్నట్టుగా అనిపించింది. అక్కడికక్కడే రాసుకున్నాను. ఎవరా మోర్తాడ్ ఆమె, ఇప్పుడెట్లా ఉంది అని ఒక్క ముక్క అడగలేదు.

ఒక్కరికి ఎక్కలేదు

ఆరు నెలల తర్వాత ఆ సీను తీసి అక్క వాకిలికి తెచ్చాను. సినిమాలో హీరోయిన్ బయటికి వెళ్లి వస్తుంది. మొగుడి అడుగుల చప్పుడు వీధి మొదట్లో వినిపిస్తుంటుంది. ఆమె దారం పెట్టి తలుపు వేయబోతుంది, దారం జారిపోతుంది. మళ్లీ పెడుతుంది, మళ్లీ జారుతుంది. మూడోసారి వేళ్లు వణుకుతుంటాయి.

వాకిట్లో చేతులన్నీ ఆగిపోయాయి. నర్సుబాయి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. నా సినిమా జీవితంలో అట్లాంటి నిశ్శబ్దం ఎన్నడూ వినలేదు. గంగామణి చేతులు మాత్రం ఆగలేదు. ఆగకపోగా ఇంకా వేగంగా తిరిగాయి. తల వంచుకుని, చాటలోకే చూస్తూ, ఎవరో తరుముతున్నట్టు చుడుతూనే ఉంది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను: "ఒక్కరికి ఎక్కలేదు. దారం ఇంకా దగ్గరగా చూపించాలి."

ఈ వాక్యాన్ని నేను ఇప్పటికీ సిగ్గుపడకుండా చదువుకోలేను. అక్కడున్న వాళ్లలో చేతులు ఆపినవాళ్లంతా సినిమా చూస్తున్నారు. ఆ ఒక్కతే సినిమా చూడటం లేదు.

వారం తిరగకుండా దారాన్ని దగ్గరి నుంచి మళ్లీ తీశాను. సీను పొడుగు చేశాను. తెచ్చి మళ్లీ వేశాను. గంగామణి మళ్లీ అట్లాగే. ఈసారి ఆమె చుట్టిన బీడీలు ఊడిపోతున్నాయి, ఆకులు చిరుగుతున్నాయి. సినిమా అయ్యాక మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది.

"గీ సిన్మ బోధన్ల ఆడ్తదా సార్?"

"ఎందుకు ఆడదు? ముందు ఇక్కడే వేస్తాం. పోస్టర్ మీద కూడా తలుపు, దారమే" అన్నాను ఉత్సాహంగా.

"పోస్టర్ మీద గుడనా" అన్నది. చాట ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

ఒంట్లో బాగాలేదేమోనని అక్కతో అన్నాను. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే చెప్పింది.

"మోర్తాడ్ల గామెకు సుట్టాలెవ్వలు లేరు తమ్మీ."

కిటికీ దగ్గర

ఇద్దరం గంగామణి ఇంటికి వెళ్లాం. తలుపు రెక్కల మధ్య, గొళ్లేనికి జానెడు కింద, తెల్ల దారం ముక్క వేలాడుతోంది. నా సినిమాలో దాన్ని గొళ్లేనికి పైన పెట్టించాను. తలుపు కొట్టకుండా పక్క కిటికీ దగ్గరికి పోయాం. ఆమె ఊచల వెనక కూర్చుని బీడీలు చుడుతోంది.

"నీ మీద చెయ్యి చేసుకుంటాడా?" అని అడిగాను. ఆరు నెలల కింద అడగాల్సిన ప్రశ్న అది.

"ఒక్కసారి సార్. దారం సంగతి నాకు ఎర్కలేనప్పుడు. పక్కింటికి పోయి గిన్నె తెచ్చిన, దారం కిందవడ్డది. గానాడు శాన కొట్టిండు. గప్పటిసంది నేర్సుకున్న."

ఆమె భర్త లింబాద్రి వర్ని దారిలో షేర్ ఆటో నడుపుతాడు. ఏ ట్రిప్పుకు ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదు. ఊళ్లో అతనికి మంచి పేరు. తాగడు, ఎవరితోనూ గొడవ పడడు.

"మీ సిన్మలంటె గాయినకు పానం సార్. మొదటి ఆటకే పోతడు. గీ సిన్మ సూస్తె, నేను దారం మల్ల వెడ్తున్న అని ఎర్కైతది."

"అతనికి అంత అనుమానం వస్తుందా?"

"రాకేంజేస్తది? దారం వెట్టుడు గుడ మీ సిన్మల సూసే నేర్సుకున్నడు."

బాగా ఆడిన ఆ ఒక్క సినిమాలో, డిటెక్టివ్ బీరువా తలుపుకు దారం పెట్టి దొంగను పట్టుకుంటాడు. అర నిమిషం సీను. తీసి మరిచిపోయాను. అది ఈ ఇంటికి వచ్చి, ఈ తలుపు మీద ఎన్నో ఏళ్లు ఉండి, ఎవరో మోర్తాడ్ ఆమె కథగా మళ్లీ నా చెవిన పడింది. నా సీనేనని ఎందుకనిపించిందో అప్పుడు అర్థమైంది.

"నాకు పెద్దగ ఏం ఒద్దు సార్" అన్నది గంగామణి. "మీ అక్క వాకిట్ల నలుగుట్ల కూసుంట. గా రెండు గంటలే నాకున్నయి. గవి పోకుంట జూడుండ్రి."

కత్తెర

సీను తీసేయాలని చెబితే ఎడిటర్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వర్నికి వెళ్లి సుబ్బారావు గారికి చెప్పాను. ఒక ఆడమనిషికి ముప్పు ఉందనీ, పేరు అడగొద్దనీ అన్నాను.

"అది తీసేస్తే సినిమాలో ఇంకేముందండీ?"

"ఏమీ లేదండీ."

ఆయన మిల్లు వైపు తిరిగారు. "పోస్టర్లు అచ్చయిపోయాయి కదా మరి?" అన్నారు.

"కాల్చేద్దాం."

"కాల్చడమెందుకు? వడ్ల బస్తాల కింద పరిపిస్తాను, నెమ్ము రాకుండా ఉంటుంది" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ మంచితనానికి తగిన సినిమా నేను ఆయనకు ఇవ్వలేకపోయాను. అది వారం ఆడి పోయింది.

అభిమాని

సినిమా పోయిన పది రోజులకు నేను అక్క ఇంట్లో ఉన్నానని తెలిసి లింబాద్రి వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం. వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఎన్ని సినిమాల్లో దుర్మార్గులను వెతికానో, ఒక్కణ్ణీ ఇట్లా తీయలేదు.

"గీసారి డర్ తక్కువైంది సార్. గా బీరువా సిన్మ లెక్క లేదు. గా దారం సీను ఎన్నిసార్లు సూసిన్నో!"

ఇదే సందు అనుకున్నాను.

"అది ఉత్త సినిమా లింబాద్రీ. నిజంగా దారం ఎక్కడ నిలుస్తుంది? షూటింగ్‌లో నాలుగుసార్లు పెట్టాం, నాలుగుసార్లూ గాలికే పడిపోయింది. చివరికి జిగురు పెట్టి అతికించాం."

పచ్చి అబద్ధం. అతని చేతిలో జిలేబీ ముక్క అట్లాగే ఉండిపోయింది.

"గాలికి పడ్తదా సార్?"

"ఎందుకు పడదు? దాన్ని నమ్ముకుంటే అమాయకుణ్ణి దొంగను చేస్తాం."

అతను లేచి వెళ్లాడు. నేను లోలోపల భుజం తట్టుకున్నాను. ఒక్క అబద్ధంతో గంగామణిని గట్టెక్కించానని. తర్వాత అక్క చెప్పింది, అతనికి ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ ఇల్లు వదిలి వెళ్లి మళ్లీ రాలేదట. మనసు చివుక్కుమంది. ఆ పిల్లవాడి మీద జాలి పడ్డాను, ఇప్పటికీ పడతాను. కానీ జాలి కారణాన్ని చూపిస్తుంది, చేసిన పనిని మాఫీ చేయదు.

తాళం

వారానికి అక్క ఫోన్ చేసింది. కోపంతో నిప్పులు చెరుగుతోంది.

"ఏం జెప్పినవ్‌రా గానికి? దారం బంద్ వెట్టిండు, ఇప్పుడు బయటికెల్లి తాళమేస్తుండు!"

ఉన్నపళాన బోధన్ బస్సెక్కాను. నా తెలివితేటలకు నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. అతని భయాన్ని తీసేయాల్సింది పోయి, దారం మీద ఉన్న నమ్మకాన్ని తీశాను. భయం అక్కడే ఉంది, దానికి ఇంకా గట్టి సామాను దొరికింది.

నేను చేరేసరికి అక్క వాకిలి ఖాళీగా ఉంది. ఆడవాళ్లంతా చాటలతో సహా గంగామణి ఇంటి గడప మీద, అరుగు మీద, వీధిలో చాపల మీద కూర్చుని ఉన్నారు. తలుపుకు కొత్త తాళం మెరుస్తోంది. లోపల కిటికీ దగ్గర గంగామణి. ఊచల సందుల్లోంచి ఆకులూ దారమూ అందిస్తున్నారు, ఆమె చుట్టి ఇస్తోంది.

"పగలగొట్టేద్దాం అక్కా" అన్నాను.

"పలుగగొడ్తె రేపింకోటి కొంటడు. నువ్ జర సప్పుడు జేకు" అన్నది అక్క.

అయిదు గంటలకు ఆటో వచ్చింది. లింబాద్రి దిగి, రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఇన్నేళ్లుగా తలుపు మీద దారం ఉందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తాళం మాత్రం అందరికీ కనిపిస్తోంది. ఎవరూ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నర్సుబాయి కూడా నోరు విప్పలేదు.

"అచ్చినవా లింబాద్రీ?" అన్నది అక్క, రోజూ పలకరించినట్టే. "తాళం దియ్యి. పొద్దటిసంది లోపటున్నది."

గడప మీద కూర్చున్నవాళ్లు లేవలేదు, కాస్త పక్కకు జరిగారంతే. వాళ్ల మధ్యలో నుంచే నడిచి పోవాల్సి వచ్చింది. తాళంచెవి రంధ్రంలో పట్టడం లేదు, అంతగా చెయ్యి వణుకుతోంది. నేను ఎందరో నటుల చేత ఆ వణుకు పెట్టించాను. అదేదీ ఇది కాదు. అతన్ని చూస్తే కోపం రావాల్సిందే, వచ్చింది కూడా, కానీ కళ్లు తిప్పుకున్నది నేనే.

తలుపు తెరుచుకుంది. గంగామణి బయటికి వచ్చి గడపలో నిలబడి చెయ్యి చాపింది.

"తాళంచెవి గిటియ్యి."

అతను చుట్టూ చూశాడు. ఇచ్చేశాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, అరుగు మీద నర్సుబాయి పక్కన చోటు చేసుకుని కూర్చుంది. మర్నాడు కూడా ఆడవాళ్లు అక్కడే చేరారు. నెల రోజులు అక్కడే చుట్టారు. తర్వాత మళ్లీ అక్క వాకిలికి మారారు, గంగామణితో సహా.

ఆ సాయంత్రాన్ని సినిమాగా తీయమని చాలామంది అడిగారు. తీయలేదు. అసలు ఆ తర్వాత ఏ సినిమా తీయలేదు. కథలు చెవిన పడితే రాసుకోవడానికి చెయ్యి ముందుకు పోవడం లేదు, అంతకు ముందే ఇది ఎవరి కథ అన్న ప్రశ్న అడ్డుపడుతోంది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లు ఆ ప్రశ్న మొదట్లోనే అడగడం అలవాటు చేసుకుంటే నాలాగా మధ్యలో ఆగిపోనక్కర్లేదు.

ఇది రాయడానికి ముందు బోధన్ వెళ్లి గంగామణిని అడిగాను. రాయమన్నది. పేర్లు మార్చమన్నది, తన పేరు తనే ఎంచుకుంది. దారం మళ్లీ పెట్టిన సంగతి వదిలేస్తానని చెబితే నవ్వింది.

"గది గుడ రాయి సార్. గాయినకు నేనే జెప్పిన."

"చెప్పేశావా? ఏమన్నాడు?"

"అడిగిండు, 'గన్నేండ్లు రోజు బయటికి పోయినవా?' అని. పోయిన అన్న. 'మరి రోజు మల్లెందుకొచ్చినవ్?' అన్నడు."

"నువ్వేమన్నావు?"

"గీ మాట మొదాలే నన్నడిగితె అయిపోవు గద, గన్నేండ్లు దారాన్నెందుకు అడిగినవ్ అన్న."

లింబాద్రితో అన్న మాట అది. కానీ అంటున్నప్పుడు ఆమె చూస్తున్నది నా వైపే.